అత్తగారూ, ఆరు పొంచ్కీలూ

నేపర్‌విల్‌లో మా పక్కింటి హెలెన్ గారు పోలిష్ పెద్దావిడ. ఈస్టర్‌కి ముందు నలభై రోజులు తీపి ముట్టరు. ఆ ఉపవాసాలు మొదలయ్యే ముందురోజు, మంగళవారం, చికాగో వెళ్ళి గులాబీ జామ్ కూరిన పొంచ్కీలు తినడం ఆవిడకి చిన్నప్పటినుంచీ అలవాటు. ఇంట్లో ఉన్న వెన్న, గుడ్లు, పంచదార ఉపవాసాలకి ముందే అవగొట్టాలని పిండిలో కలిపి వేయించే ఉండలే పొంచ్కీలు. 2012లో ఆవిడ మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. ఈ ఏడు నోచుకోలేదంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే చూడలేక, నేను తెస్తానని మాటిచ్చాను.

విజిటర్ వీసా మీద వచ్చి, మూడు నెలలుగా కిటికీలోంచి మంచు చూస్తున్న మా అత్తగారు కూడా బయల్దేరారు. అమ్మని జాగ్రత్తగా చూసుకోమని మా ఆవిడ మరీమరీ చెప్పింది. పొంచ్కీల డబ్బాని జాగ్రత్తగా చూసుకోమని చెప్పాల్సింది.

ఏడున్నర ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. వెళ్ళదలచినవాళ్ళు ఇంకా ముందు రైలు పట్టుకోండి. స్టేషన్ నుంచి టాక్సీలో బేకరీకి చేరేసరికి క్యూ వీధి మలుపు తిరిగిపోయింది. నా చెవులు గడ్డకట్టిపోతున్నాయి. అత్తగారు మాత్రం శాలువా సర్దుకుని, కార్తీకమాసం ముందురోజు వాళ్ళ వీధి చివర చికెన్ షాపు దగ్గర అచ్చం ఇలాగే ఉంటుందన్నారు, తను చూడ్డమే గానీ కొన్నది లేదట. ఆవిడది శనివారం ఉపవాసం. అంటే రాత్రికి అన్నం ఉండదు. రెండు పెసరట్లు, కాస్త ఉప్మా, నీరసం రాకుండా మరో పెసరట్టు.

రెండు గంటల తర్వాత కౌంటర్ దగ్గరికి వచ్చాం. గులాబీ జామ్‌వి సరిగ్గా ఆరు మిగిలాయి. గోడ మీద మేరీమాత పటం, దాని కింద చిన్న దీపం. అత్తగారు దణ్ణం పెట్టి, డబ్బా అందుకుని కళ్ళకద్దుకున్నారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

తిరుగు రైల్లో ఎదురెదురు సీట్లు దొరికాయి. ఎదురుగా కూచున్న లూసియానా ఆవిడ డబ్బా చూసి నవ్వింది. అంతే, అత్తగారు మూత తీసి, "ప్రసాదం, ప్లీజ్" అని ఒకటి ఆవిడ చేతిలో పెట్టేశారు. ఆవిడ తింటూ, తమ ఊళ్ళో ఈ ఉపవాసాల ముందు రోజుల్లో కేకులో ప్లాస్టిక్ పాపాయిని దాస్తారనీ, అది ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు వచ్చేసారి కేకు తేవాలనీ చెప్పింది. పక్క వరస ఇంగ్లీషాయనకి రెండోది వెళ్ళింది. ఆయన వాళ్ళమ్మ ఈ రోజు నిమ్మరసం, పంచదార చల్లి పాన్‌కేకులు వేసేదట. అట్లన్నమాట, అన్నారు అత్తగారు. వెనక సీట్లో రష్యన్ తల్లీకూతుళ్ళకి చెరొకటి. వాళ్ళ దగ్గర వారం పొడుగునా వెన్న రాసిన అట్లేనట.

నేను గొంతు తగ్గించి, "అత్తయ్యగారూ, అవి హెలెన్ గారివండీ" అన్నాను.

"నలుగురూ చూస్తుంటే ప్రసాదం డబ్బా మూసుకు కూచుంటామా అల్లుడుగారూ? ఆవిడకి ఒక్కటి చాలదూ?"

అయిదోది నిద్రపోతున్న ఒకాయన్ని తట్టి లేపి మరీ ఇచ్చారు. మిగిలిన ఒక్కదాన్నీ నేను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ అడ్డం పెట్టాను. ఇంతలో టికెట్లు చూసే కండక్టర్ వచ్చాడు. టికెట్ కోసం నేను జేబులో చెయ్యి పెట్టడమే ఆలస్యం.

"డ్యూటీ మీద ఉన్నాడు పాపం, ఎప్పుడు తిన్నాడో ఏమో" అన్నారావిడ. అతను వద్దు వద్దంటూనే రెండు గుటకల్లో మింగేశాడు.

నేపర్‌విల్‌లో దిగేసరికి డబ్బాలో పంచదార పొడి తప్ప ఏమీ లేదు. నాకు ఏడుపొకటే తక్కువ. కారులో నేను అబద్ధాలు వెతుక్కుంటుంటే, అత్తగారు ఫ్రిజ్‌లో దోసెల పిండి ఉంది కదా అని తాపీగా అడిగారు. ఇంటికెళ్ళి శనగపప్పు కుక్కర్లో పెట్టి, బెల్లం కలిపి పూర్ణం చేసి, గంటన్నరలో బూరెలు దింపారు.

ఖాళీ డబ్బా, గిన్నెడు బూరెలు పట్టుకుని వెళ్ళాం. హెలెన్ గారి మొహం చిన్నబోయింది. నా ప్రాణం చివుక్కుమంది. ఎవరెవరు తిన్నారో దాచకుండా చెప్పాను. నిద్రపోతున్నాయన దగ్గరికొచ్చేసరికి ఆవిడ నవ్వాపుకోలేక కట్టు కట్టిన కాలు పట్టుకున్నారు. తర్వాత ఒక బూరె కొరికి, కళ్ళు మూసుకున్నారు. నాలుగు తిన్నారు. గిన్నెలో ఇంకో ఆరు ఉన్నాయి. రేపటినుంచి ఉపవాసం, ఇవేం చేయాలో మీ అత్తగారిని అడగమన్నారు.

అడిగాను. అత్తగారు ఆశ్చర్యపోయారు.

"అన్నం కాదు కదండీ, టిఫినేనని చెప్పండి."

చెప్పాను. హెలెన్ గారు కాసేపు గంభీరంగా ఆలోచించి, గిన్నె మీద మూత పెట్టి, చేతికందేంత దూరంలో ఉంచమన్నారు.