ఒక్క పేరు మీద రాయించుకున్న ఇల్లు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మా సంతోషమ్మక్క మంచం పట్టి, మాట పడిపోయి, నాకు తల దాచుకునే చోటు కూడా లేకుండా పోయే రోజులు వచ్చాయి, ఆ రోజుల్లో దేవుడు ఏం చేశాడో చెప్పడానికే ఈ పొద్దున ఆదోని నుండి బస్సెక్కి మీ ఎమ్మిగనూరు సంఘానికి వచ్చాను.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. ఆదోనిలో జిన్నింగు మిల్లులో పక్కపక్కన కూర్చుని పత్తి ఏరినవాళ్ళం, ఇద్దరమూ విధవరాండ్రం, ఇద్దరికీ పిల్లలు లేరు, ఒకే ప్రార్థన గుంపులో మోకరించి ఒకే కుండలో వండుకున్నవాళ్ళం. ఇద్దరి కష్టమూ కలిపి రెండు గదుల ఇల్లు కొన్నాము. ఆ రోజు దస్తావేజు రాసే ఆయన మంచిమాటే చెప్పాడు. "అమ్మా, ఇద్దరి పేర్లూ రాపిచ్చుకోండి. ఎవరి భాగమెంతో గూడా రాపిచ్చుకోండి" అన్నాడు. మాకు ఆ మాటే గిట్టలేదు. భాగాలు రాసుకునేది వేరుపడేవాళ్ళు కదా, కలిసి బతికేవాళ్ళకెందుకు అనుకున్నాము! పెద్దది కాబట్టి అక్క పేరు ఒక్కటే రాయించి, స్తోత్రం చెప్పుకుని ఇంటికి వచ్చాము.

తర్వాత అక్కకు పక్షవాతం వచ్చింది. హొళగుంద నుండి ఆమె తమ్ముడు వచ్చి, మంచం పక్కనే నిలబడి, "ఇది మాయక్క ఇల్లు. కాగితంలో నీ పేరు యాడుంది? కాళీ సేసి పో" అన్నాడు. అక్క కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి గానీ నోరు పెగలదు. నేను మళ్ళీ ఆ దస్తావేజు రాసే ఆయన దగ్గరికే పరుగెత్తాను. ఆయన నెమ్మదిగా చెప్పాడు, "ఇప్పుడైనా మించిపోలేదమ్మా. ఆమే నీకు రాసియ్యొచ్చు. సెరి సగమని రాస్తే, ఆమె పోతే ఆమె సగం తమ్మునికే పోతాది. ఇద్దరిలో మిగిలినోళ్ళకే మొత్తమని రాస్తే నిన్నెవురూ కదిలియ్యలేరు. కానీ ఆ మాట రిజిస్టరాఫీసులో ఆఫీసరు ముందర ఆమె నోటితోనే రావల్ల."

ఆమె నోటితో! మాటే లేని మనిషి నోటితో! నేను మంచం కాళ్ళ దగ్గర పడి ఏడ్చాను. "ప్రభువా, నాకు ఇల్లు వద్దు, అక్క నోరు తెరువు తండ్రీ, ఒక్కసారి నన్ను పిలిస్తే చాలు" అని ప్రార్థించాను. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. రోజులు గడిచేకొద్దీ ఒక్కొక్క మాటే, వంకరగా, ముక్కలు ముక్కలుగా వచ్చింది, దేవునికే మహిమ! అందరం అక్కను ఆటోలో రిజిస్టరాఫీసుకు తీసుకుపోయాము. సంగతి తెలిసి తమ్ముడూ అక్కడికి వచ్చాడు. ఆఫీసరు మమ్మల్ని దూరంగా నిలబెట్టి, ఇల్లు ఎవరికి చెందాలని ఆమెనే అడిగాడు. అక్క నా వైపు చెయ్యి చాపి, "ఇద్దరిదీ... నేను పోతే... సెల్లెలిదే" అంది. ఆఫీసరు అలాగే రిజిస్టరు చేయించాడు, తమ్ముడు తల వంచుకుని బయటికి పోయాడు.

మొన్నటి చలికాలంలో అక్క ప్రభువు దగ్గరికి పోయింది. సమాధి చేసే రోజు తమ్ముడు వచ్చి మా ఇంటి గడప బయటే నిలబడిపోతే, "లోపలికి రాప్పా, అక్కను సూసుకో" అని పిలిచాను. ఆయన ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. ఇల్లు పూర్తిగా నాదైపోయిన రోజే, సహోదరులారా, ఈ లోకంలో అక్క లేదన్న సంగతి నాకు నిజంగా తెలిసింది.

మీలో ఎవరైనా కలిసి కొనుక్కుంటుంటే, రాయించుకోవడం అపనమ్మకమని అనుకోకండి. కలిసి మోకరించండి, లేచి కలిసి రిజిస్టరాఫీసుకు పోండి. యేసయ్యను నమ్మండి, ఆయన మిమ్మల్ని వీధిలో విడిచిపెట్టడు. తాను పోయాక కూడా తన చెల్లెలికి గూడు ఉండాలని, అక్క చేత ఆ వంకర నోటితో పలికించింది ఆయన ప్రేమే!