అబ్బులు మేస్త్రీ పడగొట్టిన దిమ్మ

అబ్బులు మేస్త్రీ కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. టీ కూడా నిలబడే తాగేవాడు, అదీ సగమే. దువ్వాడ స్టేషను దాటాక ఉన్న గ్రావెల్ గుంట ఆయన ముఠా తవ్విందే. తొంభైల్లో అక్కడి ఎర్రమట్టి లారీలెక్కి చుట్టుపక్కల రోడ్లయింది. తర్వాత గుంటలో వాననీళ్లు, తుంగ, చెత్త మిగిలాయి.

నేను కాలేజీలో జువాలజీ లెక్చరర్ని. 2003లో ఆ గుంటను పక్షులకి బాగుచేద్దామని పూనుకొని, పనికి ఆయన్నే పిలిచాను. చెత్త ఎత్తించాడు, గట్టున కానుగ మొక్కలు నాటాడు. ఏప్రిల్లో పరీక్షల హడావిడి మొదలైంది. "నేనొచ్చేసరికి గుంట శుభ్రంగా ఉండాలి మేస్త్రీ గారూ" అని ఆర్డరు పడేసి వెళ్లాను. నా నోరు పడిపోనూ!

నాలుగో రోజు వెళితే గుంట మధ్యలో మట్టి దిమ్మ లేదు.

మట్టిపని వాళ్లు ఎంత లోతు తవ్వారో కొలవడానికి మధ్యలో ఒక దిమ్మను తవ్వకుండా వదిలేస్తారు. కొలత అయ్యాక దాన్ని పడగొడితేనే పని పూర్తయినట్టు. ఈ గుంటలో కంట్రాక్టరు కొలతకు రాకుండానే ఉడాయించాడు. పదేళ్లకు పైగా నిలబడ్డ ఆ దిమ్మలో లకుముకి పిట్టల జంట బొరియ తొలుచుకుంది. నాకా సంగతి తెలుసు. ఆయనకు చెప్పాలని తోచలేదు.

అబ్బులు దోసిట్లో గుడ్డు పెంకులు పట్టుకొని నిలబడ్డాడు. "పని మిగిలిపోనాదని కొట్టీసినానమ్మా. లోన గుడ్లున్నాయని నాకేటి తెలుసు?"

తప్పు సగం నాదే కాబట్టి ఇంకా గట్టిగా అరిచాను. పైన తుమ్మకొమ్మ మీద ఆ జంట ఒకటే గోల.

"మళ్లీ పెడతాయా అమ్మా?"

"వానల్లోగా నిలువు గోడ దొరికితే పెట్టొచ్చు. ఏదీ? అంచులన్నీ జారి వాలుగా అయిపోయాయి."

పోసిన మట్టి నిలవదని ఆయనకు ఒకరు చెప్పాలా? తవ్వని నేల కావాలి. అది గుంటను ఆనుకొని ఉన్న ఆయన జీడితోటలోనే ఉంది. తోట మొత్తం కలిపితే అరెకరమే.

మర్నాడు వెళ్లేసరికి తోట అంచున గునపం మోగుతోంది. కాపు మీదున్న రెండు జీడిచెట్లు నేలమీద పడున్నాయి. అబ్బులు రాయి కట్టిన దారం వేలాడదీసి గోడ నిలువు సరిచూసుకుంటూ గుంట అడుగుదాకా కోస్తున్నాడు. ఆయన భార్య పోతమ్మ పడ్డ కొమ్మల్లోంచి జీడిగింజలు ఏరుతూ తిడుతోంది. "కంట్రాక్టరొచ్చి కాళ్లట్టుకున్నా ఈ నేల ఇయ్యనోడు పిట్టలకిచ్చీసినాడు సూడమ్మా! మతిపోనాది."

వద్దన్నాను. విన్లేదు. నాకు ఏడుపొచ్చింది.

గోడ అయ్యాక ఆయనతో వేగడం మరీ కష్టమైంది. పూటకు పదిసార్లు దాని దగ్గరికి వెళ్లొచ్చేవాడు. "మీరలా తిరుగుతుంటే అవెలా వస్తాయండీ?" అని కసిరితే, పోతమ్మ చొక్కా పట్టుకొని లాగి కూర్చోబెట్టేది. మళ్లీ లేచేవాడు. మబ్బు పడితే చాలు, వాన ఎక్కడ ముందొస్తుందోనని ఆయనా నేనూ ఆకాశం వైపే చూసేవాళ్లం.

పదకొండో రోజు పొద్దున నీలం రెక్కల లకుముకి ఒకటి వచ్చి ముక్కుతో గోడను గుద్దింది. మళ్లీ గుద్దింది.

"మట్టి రాల్తంది అమ్మా!" అన్నాడు అబ్బులు.

ఇన్నాళ్లూ గోడనే చూస్తూ గమనించని సంగతి అప్పుడు చూశాను. కొత్తగా తవ్విన చోట కూడా నిలువెత్తు దిమ్మ ఒకటి వదిలేశాడు. అలవాటు.

"ఈ కొలత ఎవరు తీస్తారు మేస్త్రీ గారూ?"

"ఎవులూ తియ్యరు. ఉండనీ." కాసేపు దాన్నే చూసి, గునపం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇది మీ ఇంటికాడ ఉంచండమ్మా. నా సేతులు ఊరుకోవు."

సిటీబస్సులో కండక్టరుతో గొడవపడి మరీ దాన్ని ఇంటికి మోసుకొచ్చాను. తర్వాత ఆయన రెండుసార్లు మా ఇంటికొచ్చాడు. తలుపు వెనక ఉన్న గునపం వైపు చూశాడు, నిలబడే సగం టీ తాగాడు, దాన్ని అడక్కుండానే వెళ్లిపోయాడు.