ఉతికిన సాక్సులు

మా అక్కను వీధిలో అందరూ బూట్ల డాక్టరమ్మ అనేవారు. జలుబని వెళ్ళినా, చెవిపోటని వెళ్ళినా, షుగరున్న మనిషైతే చాలు, "ముందు బూట్లు విప్పు" అనేది. బల్ల మీద కూర్చోబెట్టి, కాలివేళ్ళ సందులు చూసి, అరికాలికి దూది తాకించి, "తెలుస్తోందా?" అని అడిగేది. ఆ పేరు వింటే నాకు ఒళ్ళు మండేది. అక్క మాత్రం నవ్వేసి ఊరుకునేది.

అక్క వైద్యం చేసే గదికి రాని జబ్బు లేదు. పిల్లల దగ్గు, ముసలివాళ్ళ బీపీ, గర్భిణుల నెలనెలా పరీక్ష, తెగిన వేలికి కుట్లు, నిద్రపట్టని కోడళ్ళ కన్నీళ్ళు, అన్నిటికీ ఆ ఒక్క గదే. బయట కూర్చుని, వరస తప్పి దూరేవాళ్ళను కసిరే ఉద్యోగం నాది.

వచ్చేవాళ్ళూ తక్కువవాళ్ళేం కాదు. ఎలాగూ విప్పమంటుందని తెలుసు కాబట్టి, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలంటే ఉతికిన సాక్సులు వేసుకునేవారు. ఎదురుగా సెలూన్ నడిపే ఆయన్ను మేమిద్దరం అన్నయ్యా అని పిలిచేవాళ్ళం. ఆయనకు షుగరు. "మీ పుణ్యమా అని నా సాక్సులు నెలకోసారైనా సబ్బు మొహం చూస్తున్నాయమ్మా" అనేవాడు.

ఇదంతా ఒక పిల్లవాడి మోచేతి దగ్గర తిరగబడింది. అక్క వేసిన కుట్లు చీము పట్టాయి. మందులతో మానిపోయాయనుకోండి. కానీ వాడి మేనమామ గది ముందు నిలబడి నానా మాటలూ అన్నాడు. "అన్నీ తనకే వచ్చనుకుంటే ఇలాగే ఏడుస్తుంది" అని వీధంతా వినబడేలా అరిచాడు. నేను గొంతు పోయేదాకా ఎదురు తిట్టాను. ఆ సాయంత్రం అక్క కుట్లు వేసే సామాను పెట్టెను బీరువా పైకి ఎక్కించేసింది.

తర్వాత ఒక్కొక్కటీ వదిలేసింది. పిల్లల్ని పిల్లల డాక్టరు దగ్గరికి, గర్భిణుల్ని కాన్పుల ఆసుపత్రికి, షుగరువాళ్ళను షుగరు డాక్టరు దగ్గరికి పంపించేది. "నాకెందుకొచ్చిన గొడవే? ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు" అనేది. ఉన్నమాట చెప్పాలంటే, ఆ రోజులు ఇంట్లో హాయిగానే గడిచాయి. అక్క వేళకు భోంచేసి, కాస్త కునుకు కూడా తీసేది.

సెలూనన్నయ్యకు మాత్రం తిరుగుడు మొదలైంది. షుగరుకు ఒకచోట, కళ్ళకు ఒకచోట, కిడ్నీలకు ఇంకోచోట. ఒకరు చేయించిన పరీక్షనే ఇంకొకరు మళ్ళీ చేయించేవారు. వెళ్ళిన ప్రతిసారీ షాపు మూత. ఒకరోజు చూస్తే రెండు కుర్చీల్లో ఒకటి లేదు.

"కుర్చీ ఏమైందన్నయ్యా?" అని అడిగాను.

"నా రక్తం చాలక పరీక్షలు దాన్ని కూడా తాగేశాయమ్మా" అన్నాడు.

ఆ డాక్టర్లలో ఎవర్నీ తప్పు పట్టలేను. ఎవరికి అప్పగించింది వాళ్ళు శ్రద్ధగానే చూశారు. మనిషినంతా కలిపి చూసేవాళ్ళే లేకుండా పోయారు.

ఆ చలికాలం ఆయన దగ్గు తగ్గడం లేదని అక్క దగ్గరికి వచ్చాడు. అక్క ఛాతీ విని, ఊపిరితిత్తుల డాక్టరుకు చీటీ రాసిచ్చింది. ఆయన వెంటనే లేవలేదు. తన బూట్ల వైపు చూసుకుని, అక్క వైపు చూశాడు.

"ఇంకేం లేదా అమ్మా?"

"ఇంకేముంటుంది? చీటీ రాసిచ్చాగా, వెళ్ళిరా."

నేను తర్వాతి మనిషిని లోపలికి పిలిచేశాను.

అప్పటికే కొత్త బూటు కరిచి ఆయన బొటనవేలి పక్కన పుండు పడింది. షుగరుతో మొద్దుబారిన కాలు, నొప్పి తెలియలేదు. వాసన వచ్చాక వాళ్ళావిడ సాక్సు లాగి చూస్తే వేలు నల్లబడి ఉంది. పెద్దాసుపత్రిలో ఆ కాలిని మోకాలి కింద నుంచి తీసేశారు. పొద్దస్తమానం నిలబడి బతికే మనిషి.

మేమిద్దరం చూడబోయాం. మంచం పక్కన కూర్చోగానే అక్కకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

"ఆ రోజు నా దగ్గరికి వచ్చావే అన్నయ్యా! పుండుందని ఒక్క ముక్క చెప్పకూడదూ?"

"మీకు నేనెప్పుడైనా చెప్పానా అమ్మా?" అన్నాడు ఆయన తాపీగా. "ఎప్పుడూ మీరే చూసేవారు. విప్పమంటారని ఉతికిన సాక్సులే వేసుకొచ్చాను."

తిట్టినా బాగుండేది.

బీరువా మీది పెట్టె కిందికి దిగింది. పిల్లలూ గర్భిణులూ మళ్ళీ వస్తున్నారు. దగ్గుకొస్తే బూట్లెందుకని కొత్తవాళ్ళెవరైనా గొణిగితే, నోరు మూసుకుని విప్పమని నేనే కసురుతున్నాను. ఎదుటి సెలూన్ మాత్రం తెరుచుకోలేదు.

అన్నయ్య నెలనెలా చంకకర్రల మీద వస్తాడు. ఇప్పుడు ఆయన విప్పక్కర్లేదు. అక్కే నేల మీద కూర్చుని ఆ మిగిలిన బూటు విప్పుతుంది.

"ఉతికిందేనమ్మా" అంటాడు ఆయన. "ఒక్కటే కదా, ఇప్పుడు ఉతకడం తేలిక."

అక్క తల ఎత్తదు. ఆ పాదాన్ని చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోతుంది. బయట ఎంతమంది విసుక్కున్నా, తర్వాతి మనిషిని నేను పిలవను.