‘పట్టాల పక్క’ ఆఖరి సంచిక

మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు రక్తపరీక్ష చేయించండి అనేవాణ్ణి నేను. పోర్టు దగ్గర ఒక కంపెనీలో మోటార్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్ని. ఏది ఆగిపోయినా దానికొక కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని నా నమ్మకం. కింద రాస్తున్నదానికి మాత్రం ఎంత వెతికినా కారణం దొరకలేదు.

మాది కంచరపాలెం, రైలు పట్టాలను ఆనుకుని ఉన్న వీధి. నాన్న పోయేనాటికి నేను ఏడో తరగతి. అన్నయ్య రమణ పదో తరగతి. వాడు చదువు మానేసి ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులేసే పనికి వెళ్ళాడు. నన్ను ఐటీఐ చదివించింది వాడే.

వాడికున్న ఒకే ఒక్క పిచ్చి బొమ్మల కథలు. ఆదివారాలు నేల మీద బోర్లా పడుకుని గీసేవాడు. నాలుగైదు కాగితాలు నిండాక మా వీధి చివర అప్పలరాజు జిరాక్స్ షాపులో నలభై కాపీలు తీయించి, మధ్యకి మడిచి, పిన్నులు కొట్టి ఊరికే పంచేవాడు. దాని పేరు ‘పట్టాల పక్క’. అందులో రాజులూ లేరు, వీరులూ లేరు. కుళాయి దగ్గర కొట్లాటలు, చేపల గంప దింపుకుని కునుకు తీసే ముసలమ్మ, గేటు పడితే తిట్టుకునే ఆటోవాళ్ళు. ఎవరి మొహం వాళ్ళకి తెలిసిపోయేది. టీ కొట్టు దగ్గర మనుషులు లాక్కుని చూసేవారు. మా అమ్మకి చదువు రాదు. బొమ్మలు చూసి కథంతా చెప్పేసేది.

ఒక సంచికలో అన్నయ్య కూలీలను ఎండలో నిలబెట్టే కాంట్రాక్టరును గీశాడు. ఆ మొహం అచ్చం మా కంపెనీలో నన్ను పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరుదే. ఆ కాపీ ఎలాగో ఆయన చేతికి చేరింది. అందరి ముందూ నన్ను పిలిచి, ఆ పేజీలు నాచేతే చదివించాడు. మర్నాటి నుంచి వర్క్‌షాపులోంచి తీసేసి కేబుళ్ళు మోసే పనిలో వేశాడు.

వారం రోజులు మోశాను. ఎనిమిదో రోజున అన్నయ్య పనికి వెళ్ళాక, మంచం కింద ట్రంకుపెట్టెలో వాడు పదకొండేళ్ళుగా దాచుకున్న అసలు కాగితాలన్నీ తీసి పాత పేపర్లవాడి బండిలో పడేశాను. అమ్మ గుమ్మంలో నిలబడి ‘వద్దురా, వద్దురా’ అంటూనే ఉంది.

సాయంత్రం వాడు వచ్చి పెట్టె తెరిచాడు. మూసేశాడు. తిట్టినా, కొట్టినా బాగుండేది. రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని ఆటోనగర్‌లో గది తీసుకుని వెళ్ళిపోయాడు. రెండేళ్ళు మా మధ్య మాటల్లేవు. మళ్ళీ ‘పట్టాల పక్క’ రాలేదు.

కిందటి వేసవిలో పని చేస్తూ చేస్తూ పడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. అమ్మ ఆసుపత్రిలోనే ఉండిపోయింది. రోజూ ఫోన్ చేసేది. ఎడం చేత్తో చెంచా పట్టుకోవడం కూడా వాడికి రావట్లేదని చెప్పేది. చివర్లో ఒకటే మాట: “ఓసారి రారా. నిన్నే అడగతన్నాడు.”

నాలుగో రోజు మధ్యాహ్నం వెళ్ళాను. ఈ సంగతి అప్పటికి ఎవరికీ చెప్పలేదు. ఒక చేతిలో హెల్మెట్టు, ఇంకో చేతిలో కొబ్బరిబొండం. అమ్మ మంచం దగ్గర లేదు. వాడు కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. వీపు మాత్రమే కనిపించింది. వార్డు గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. లోపలికి వెళ్తే ఏం మాట్లాడాలి? ఆ పెట్టె సంగతి ఎత్తాలా, వద్దా? వెనక్కి తిరిగాను. మెట్ల మలుపులో కిటికీ గట్టు మీద బొండం పెట్టేసి బండెక్కాను. మెట్ల మీద ఎవరూ లేరు.

సాయంత్రం అమ్మకి ఫోన్‌లో సెలవు దొరకలేదని చెప్పాను. మర్నాడు తెల్లవారేసరికి వాడు పోయాడు. తలకొరివి నేనే పెట్టాను.

పెద్దకర్మ అయిన మూడో రోజు ఉదయం బజారుకి వెళ్తుంటే అప్పలరాజు షాపులోంచి కేకేశాడు. కూతురి పెళ్ళి పనుల మీద నెలరోజులు పార్వతీపురంలో ఉండి, రెండు రోజుల కిందటే వచ్చాడు.

“బావా, మీ అన్న నిన్న వచ్చీసి కాయితాలిచ్చి ఎల్లిపోనాడు. నలభై తీసీసి, తెల్లారకుండానే అందరి గుమ్మాల్లో పడీసినాను. అసలువి నీకిచ్చీమన్నాడు” అని కవరు చేతికిచ్చాడు.

అన్నయ్య పోయి పదిహేను రోజులైందని చెప్పాను. ముందు నవ్వాడు. నా గుండు చూసి ఆగిపోయాడు. కుర్చీలో కూలబడి కౌంటరు ముందు చోటు చూపించాడు.

“ఇక్కడే నిలబడ్డాడు బావా. ఏటి రమణా, సిక్కిపోనావు అన్నాను. దానికి పలకనేదు. కుడి చెయ్యి జేబులోంచి తియ్యనేదు. ఎడం చేత్తోనే ఇచ్చినాడు.”

వాడికి పక్షవాతం వచ్చిందని అప్పలరాజుకి తెలియదు. నేనింకా చెప్పలేదు.

అక్కడే కవరు తెరిచాను. నాలుగు కాగితాలు. ఒక్క అక్షరం లేదు. మొదటి దాంట్లో ఆసుపత్రి వార్డు, మంచం పక్కన కూర్చున్న అమ్మ. రెండోదాంట్లో గుమ్మంలో నిలబడిన మనిషి, చేతిలో హెల్మెట్టు, ఇంకో చేతిలో బొండం. మూడోదాంట్లో మెట్లు దిగుతున్న ఆ మనిషి వీపు. నాలుగోదాంట్లో మనిషి లేడు. మెట్ల మలుపు, కిటికీ గట్టు, దాని మీద బొండం. గీతలు అన్నయ్యవే. ఎక్కడా చెయ్యి వణకలేదు.

ఇంటికి పరుగెత్తాను. ఆలస్యమైపోయింది. అప్పలరాజు అందరి ఇళ్ళతో పాటు మా ఇంట్లోనూ ఒకటి పడేసి వెళ్ళాడు. అమ్మ గుమ్మంలో కూర్చుని రెండో పేజీ మీద వేలు పెట్టి చూస్తోంది.

“ఒచ్చినావేట్రా?” అంది.

చేతిలో కవరు వీపు వెనక్కి పెట్టుకున్నాను.

“టీ తాగీసి ఒద్దునని కిందకెల్లినాను. నానొచ్చేసరికి ఆడు గుమ్మంకేసి తిరిగి ఉన్నాడు. కళ్ళమ్మట నీల్లు. ఎందుకురా అంటే సెప్పనేదు.” పుస్తకం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. “గుమ్మంకాడ్నించి మంచానికి నాలుగడుగులురా. నాలుగే గదరా.”

ఆ వారమే అమ్మ సింహాచలంలో ఉన్న మా పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది. నేను వెళ్తే అన్నం పెడుతుంది. తిన్నంతసేపూ పక్క గదిలో ఉంటుంది.

నాకు తోచినవన్నీ ఆలోచించాను. అన్నయ్య నన్ను గుమ్మంలో చూసే ఉంటాడు, సరే. కానీ మంచం మీంచి లేవలేనివాడు మెట్ల మలుపులో నేనేం పెట్టానో ఎలా చూశాడు? ఏ చేత్తో గీశాడు? వార్డులో ఆయాలను అడిగాను. వాడి మంచం దగ్గర కాగితమూ పెన్సిలూ ఎవరూ చూడలేదన్నారు. ఆటోనగర్‌లో వాడితో పనిచేసినవాళ్ళను అడిగాను. వాడిలా గీసేవాళ్ళు ఎవరూ లేరు. అప్పలరాజును ఎన్నిసార్లు అడిగినా అదే చెబుతాడు. ఒక్క మాట మార్చడు.

మా వీధిలో ఆ సంచిక చూడనివాళ్ళు లేరు. చనిపోయినవాడు ఎలా గీశాడని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ నన్ను అడగలేదు. టీ కొట్టు దగ్గర అందరూ అడిగేది ఒకటే: అంతదూరం వెళ్ళినవాడివి, ఎందుకు వెనక్కి వచ్చేశావని.