పుల్లమ్మ మంచం దిగిన సంగతి

1962లో నన్ను దేవరకొండ తాలూకాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ విజిటర్‌గా వేశారు. డాక్టరు గారి కింద, మిడ్‌వైఫ్‌ల పైన ఉండే ఉద్యోగం అది. గర్భిణులను, బాలింతలను, చంటిపిల్లలను ఇంటింటికీ తిరిగి చూడడం మా విధి. ముసలివాళ్ల కోసం వేరే పనేమీ అప్పగించలేదు. జబ్బు చేస్తే వాళ్లే దవాఖానకు రావాలి. రాలేనివాళ్ల సంగతి ఎవరూ అడిగేవారు కాదు.

ఆ వానకాలం ఒక పల్లెలో నేతపనివాళ్ల ఇంటికి బాలింతను చూడడానికి వెళ్లాను. తల్లీబిడ్డా బాగానే ఉన్నారు. బయల్దేరబోతుంటే మూలన నులక మంచంలో ఆమె అత్త పుల్లమ్మ కనిపించింది. ఎండాకాలంలో స్నానాలు చేసే చోట, జాలారి బండ మీద జారిపడిందట. నొప్పి ఎప్పుడో తగ్గింది కానీ, అప్పటి నుంచి ఆమెను మంచం దిగనివ్వలేదు. కొడుకు వెంకటయ్య మగ్గం గుంటలోంచి లేచి వచ్చి గర్వంగానే చెప్పాడు.

"గంజి గూడ నేనే తాపుత నర్సమ్మా. కాలు కింద పెట్టనిస్తలేను."

ఆ మాట అబద్ధం కాదు. తల్లిని రోజూ చేతుల మీద ఎత్తుకుని బయటికి తీసుకుపోయేవాడు. ఊరంతా మెచ్చుకునేది. నేను దుప్పటి తీసి చూశాను. నడుము కింద చర్మం కమిలి, పుండు పడబోతోంది. పిక్కలు ఎండిపోయాయి, మోకాళ్లు పూర్తిగా సాగడం లేదు. ఏం కావాలని అడిగితే ఆమె కొడుకు మొఖం చూసింది.

డాక్టరు గారికి చెప్పాను. ఆ పల్లె వైపు వచ్చినప్పుడు ఆయన పరీక్షించి, ఎముక విరగలేదన్నారు. ఇలాగే పడుకోబెడితే ఊపిరితిత్తుల్లో కఫం చేరి ప్రాణం మీదికి వస్తుందని వెంకటయ్యకు వివరించి, ఆమెను నడిపించే పని నాకు అప్పగించారు. ఆపరేషన్ అయినవాళ్లను తొందరగా లేపాలని శిక్షణలో నేర్పారు. ఇంట్లో, అదీ ముసలామె మీద, ఆ పద్ధతి వాడడం నాకు మొదటిసారి.

వెంకటయ్య ఒప్పుకోలేదు. "గీ వయసుల అమ్మను నడిపిస్తే ఊరోళ్లు నా మొఖాన ఉమ్మరా?" అన్నాడు. అప్పుడు పుల్లమ్మ నోరు విప్పింది.

"ఊరోళ్లు నా లెక్క మంచంల పండుకుంటలేరు బిడ్డా. నన్ను లేవనియ్యి."

ఆ మాటకు వెంకటయ్య తగ్గాడు. ముందు అతన్ని మంచం నులక బిగించమన్నాను, గుంట పడ్డ మంచంలోంచి లేవడం కష్టం కనుక. అంచున కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, మోకాళ్లు చాపించాం. చంకల కింద చేతులు వేసి ఎత్తకుండా, పక్కన నిలబడి పట్టుకోవడం కోడలికి చూపించాను. జాలారి బండకు జారకుండా ఉలితో గాట్లు కొట్టించి, గోడ వెంట చేతికందేలా వెదురు బొంగు కట్టించాం. పుల్లమ్మ మొదట ఏడ్చింది, తర్వాత నన్ను తిట్టింది, ఆ తర్వాత నడిచింది. దీపావళి నాటికి రాట్నం ముందు కూర్చుని, మగ్గానికి కావలసిన నూలు కండెలు చుడుతోంది.

ఒక పొద్దున వెంకటయ్య దవాఖానకు వచ్చి అందరి ముందూ అరిచాడు. "నీ మాట ఇన్నందుకే మా అమ్మ మల్ల పడ్డది!"

 తుంటి విరిగి ఉంటే ఆమె ప్రాణంతో పాటు, ముసలివాళ్లను నడిపించే ఈ ప్రయత్నమూ ముగిసినట్టే. డాక్టరు గారూ నేనూ వెంటనే వెళ్లాం. మణికట్టు బెణికింది, అంతే. కండెల గంప రెండు చేతులా పట్టుకుని, మగ్గం దగ్గరున్న కొడుక్కి ఇవ్వడానికి గడప దాటబోతూ పడిందట. బొంగు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను కట్టు కడుతుంటే వెంకటయ్య మంచం వాల్చి, ఇక దిగొద్దన్నాడు.

పుల్లమ్మ గోడ పట్టుకుని నిలబడే ఉంది. "పడ్డ, నేనే లేచిన. గా మంచంల వేస్తె నన్ను పాడె మీద వేసినట్టే. నీకు అమ్మ గావాల్నా, మంచం మీద బొమ్మ గావాల్నా?"

వెంకటయ్య వాల్చిన మంచం ఎత్తి గోడకు ఆనించాడు. తర్వాత రాట్నం ఎత్తుకుపోయి, గడప దాటే పని లేకుండా, మగ్గం పక్కనే పెట్టాడు. వాకిట్లోంచి చూసే ఊరివాళ్లకు తల్లి పని చేయడమే ముందు కనిపించే జాగా అది; ఊరేమంటుందోనని భయపడ్డవాడే అక్కడ పెట్టాడు.

పుల్లమ్మ ఆ తర్వాత కొన్నేళ్లు బతికింది. చివరి జ్వరంలో తప్ప మళ్లీ మంచం పట్టలేదు. డాక్టరు గారు మా సందర్శనల్లో ముసలివాళ్లను కూడా చూడమన్నారు. వెళ్లిన ప్రతి ఇంట్లో ముందు మంచం, గడప, జాలారి చూసేదాన్ని. ఏం నొప్పి అని కాక, రోజూ ఏ పని మీరే చేసుకుంటున్నారని అడిగేదాన్ని. నడిచే మనిషి పడవచ్చు. ఆ భయంతో నడక మాన్పిస్తే కలిగే హాని అంతకన్నా పెద్దది, పైగా అది మెల్లగా వస్తుంది కనుక ఇంట్లో ఎవరికీ కనిపించదు.