మంగళం కాకముందే

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్నప్పుడూ లేదు. నా ఉద్యోగమంతా కాలువల మీద గడిచింది. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి, అందులోనే రిటైరయ్యాను. లాకుల దగ్గర పాత బంగళాల్లో, పక్కనే శ్మశానం ఉన్న చోట్ల కూడా ఒంటరిగా పడుకున్నాను. ఒకసారి పి.గన్నవరం దగ్గర అటక మీద ఎవరో నడుస్తున్నారని వాచరు వణికిపోతుంటే, నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాను. పునుగుపిల్లి పిల్లల్ని పెట్టింది. అంతే.

కాలువ మట్టం రోజూ రాసే అలవాటే నాకు డైరీ అలవాటుగా మారింది. ఇప్పుడు చెప్పబోయే సంగతి కూడా జరిగిన రోజే రాసి పెట్టుకున్నాను. తర్వాత కలిపిందేమీ లేదు.

నా భార్య ఎస్తేరు రాజోలులో ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం టీచరు. వయొలిన్ వాయించేది. చిన్నప్పుడు అమలాపురంలో ఒక పంతులుగారి దగ్గర నేర్చుకుంది. మాలాంటి క్రైస్తవుల అమ్మాయిని ఇంట్లో కూర్చోబెట్టుకుని నేర్పడమేమిటని ఆ వీధిలో కొందరు గొణిగితే, ఆయన వీధివైపు కిటికీలు రెండూ తీసిపెట్టి మరీ నేర్పారట. ఈ సంగతి ఎస్తేరు ఎన్నిసార్లు చెప్పినా ఆ కిటికీల దగ్గరికి వచ్చేసరికి గొంతు మారిపోయేది.

రేడియోలో ఆడిషన్ ప్యాసయింది. అప్పుడప్పుడు పిలిచేవారు. కానీ తనకు కావలసింది అది కాదు. పండగలకీ పర్వాలకీ రేడియోవాళ్లు ప్రత్యేకంగా కచేరీలు పెడతారు. నవరాత్రులకి, కార్తీకానికి, ధనుర్మాసానికి, క్రిస్మస్‌కి. అలాంటి కచేరీలో ఒక పెద్ద విద్వాంసుడి పక్కన కూర్చుని పక్కవాద్యం వాయించాలని తన కోరిక. ఆ పిలుపు ఏ ఏడాదీ రాలేదు.

రాకపోతే మానెయ్యలేదు. ఇంట్లోనే వాయించింది. పెళ్లయిన దగ్గర్నుంచీ మా ఇంటి ఆచారం ఇది: ప్రత్యేక కచేరీ ఉన్న రోజున ముందుగదిలో స్టూలు మీద రేడియో పెట్టేది. మంచి చీర కట్టుకుని ఆ స్టూలు పక్కన చాప వేసుకుని కూర్చునేది. పాడే ఆయన శ్రుతి ఏమిటో వినగానే తీగలు సవరించుకుని ఆయనకు పక్కవాద్యం వాయించేది. రేడియోలో అసలు వయొలిన్ ఆవిడ ఒకరు ఉండేవారు. ఈవిడ లెక్కలో ఆవిడ లేదు.

పక్కింటి సత్యవతిగారిది వేదం చదువుకున్న కుటుంబం. గోడ మీంచి ఆటపట్టించేవారు. “ఎస్తేరమ్మగారూ, ధనుర్మాసం మాదాండీ, మీదాండీ?”

“రేడియో ఇద్దరిదీనండి,” అనేది మా ఆవిడ, వయొలిన్ కమాను ఆపకుండానే.

తన వాయింపులో ఒక లోపం ఉండేది. పాడేవారు ఆఖరి స్వరం ఇంకా వదలకముందే తను అందుకునేది. “పాట ఆయన చేతిలోనే ఉందమ్మా, ఇచ్చాక తీసుకో,” అని పంతులుగారు ఎన్నిసార్లు చెప్పినా పోలేదు. నాకు సంగీతం రాదు. కానీ ఆ తొందర మాత్రం ఎక్కడున్నా పట్టుకోగలను. అన్నేళ్లు విన్నాను.

ఇంకొకటి, మంగళం పాడేదాకా రేడియో ఆపకూడదు. అది తన కట్టడి. చుట్టాలొచ్చినా సరే, అన్నం మాడినా సరే. ఒకసారి మా పై ఆఫీసరు డి.ఇ. గారే ఏదో ఫైలు కోసం వచ్చి వాకిట్లో నిలబడ్డారు. నేను రేడియో వైపు చెయ్యి చాపాను.

“ఏవండీ, పాడే ఆయన్ని వదిలేసి పక్కవాద్యం లేచిపోతుందేంటండీ? మీ ఆఫీసరుగారినీ లోపలికొచ్చి కూర్చోమనండి,” అంది. ఆయన వచ్చి కూర్చున్నారు. మంగళం అయ్యాకే ఫైలు తీశారు.

మాకు పిల్లలు లేరు. ఆ స్టూలు, ఆ చాప, ఆ రేడియో. మా సంసారం చాలామటుకు అదే.

చివరి క్రిస్మస్ అమలాపురం ఆసుపత్రిలో గడిచింది. అప్పటికి తను కమాను పట్టుకోలేకపోతోంది. నేను ట్రాన్సిస్టర్ తీసుకెళ్లి మంచం పక్కన పెట్టాను. దుప్పటి మీద ఎడమచేతి వేళ్లు కదులుతూనే ఉన్నాయి. నర్సు మందు ఇవ్వడానికి వచ్చి సౌండు తగ్గించబోతే కళ్లతోనే నాకు సైగ చేసింది. నేను నర్సుకి దణ్ణం పెట్టాను. మంగళం అయ్యాకే మందు వేసుకుంది.

ఆ వచ్చే వానాకాలంలో పోయింది.

భూస్థాపన అయిన వారంలో వయొలిన్ నేనే సర్దాను. తన శిష్యురాలు జ్యోతి ఎలా చెయ్యాలో చెప్పింది. ఆ అమ్మాయి ఇప్పుడు కొత్తపేటలో సంగీతం టీచరు. కమాను మర తిప్పి వెంట్రుకలు వదులు చేశాను. తీగలు వదులు చేశాను. కమానుకి రాసే రోజిన్ పొడి, వాయించినప్పుడల్లా రాలి, తీగల కింద చెక్క మీద తెల్లగా పడి ఉంటే, మెత్తని గుడ్డతో పూర్తిగా తుడిచాను. పెట్టెలో పెట్టి, పడగ్గది బీరువాలో ఉంచి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది.

క్రిస్మస్ వచ్చింది. తెల్లవారుజామున గుడికి వెళ్లాను. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరే వచ్చి చేతులు పట్టుకుని పలకరిస్తుంటే ఆలస్యమైంది. ఇంటికొచ్చి, అలవాటుకొద్దీ ముందుగదిలో స్టూలు మీద రేడియో పెట్టి తిప్పేసరికి ప్రత్యేక కచేరీ మొదలైపోయింది. ఎవరు పాడుతున్నారో, ఎవరు వాయిస్తున్నారో చెప్పే మాటలు నేను వినలేదు. ఒక పెద్దాయన క్రైస్తవ కీర్తన ఒకటి నెమ్మదిగా రాగం చేసి పాడుతున్నారు. మృదంగం వినిపిస్తోంది. వయొలిన్ వినిపిస్తోంది.

ఆ గదిలో ఉండలేక వెనక వరండాలోకి వెళ్లి కూర్చున్నాను. పాట అక్కడికి బాగానే వినపడుతుంది.

కొంతసేపటికి ఆయన స్వరాలు పాడడం మొదలుపెట్టారు. ఒక వరుస ఆయన పాడతారు, అదే వరుస వయొలిన్ తిరిగి పలకాలి. పలికింది. ఆయన ఆఖరి స్వరం వదలకముందే పలికింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

ఎవరో ఈవిడకీ అదే లోపం ఉన్నట్టుంది అనుకున్నాను. నిజంగా అప్పుడు అనుకున్నది అంతే. కానీ ఇంకొక్క వరుస వింటే తట్టుకోలేననిపించింది. లేచి ముందుగదిలోకి వెళ్లాను. పడగ్గది తలుపు దగ్గరగా వేసి ఉంది. దాని పక్కనుంచే నడిచాను. రేడియో ఆపేశాను.

నాబ్ టిక్కుమన్న తర్వాత కూడా కమాను ఒక్క ఈడ్పు విన్నట్టనిపించింది. ఇది రూఢిగా చెప్పలేను. డైరీలో కూడా దీని పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను.

పెరట్లోకి వెళ్లి ముఖం కడుక్కుంటుంటే గోడ అవతల సత్యవతిగారు బట్టలు ఆరేస్తున్నారు.

“అన్నయ్యగారూ, ఆపేసేరేంటండీ? పాటకంటే ఫిడేలు బావుంది. అచ్చం మన ఎస్తేరమ్మగారు వాయించినట్టే ఉందని ఇటొచ్చి నిలబడ్డాను.”

“తలనొప్పిగా ఉందమ్మా,” అన్నాను.

“ఆయ్, పడుకోండి. కాఫీ పంపిస్తాను.”

కాఫీ తాగుతుండగా జ్యోతి ఫోన్ చేసింది. పండగ శుభాకాంక్షలు చెప్పింది. కాసేపు ఏడ్చింది. ఆ తర్వాత, మాట మార్చడానికే అనుకుంటాను, ఇలా అంది: “బాబాయిగారూ, కచేరీ విన్నారాండీ? ఈసారి వయొలిన్ లేకుండా చేసేరు. ఒట్టి మృదంగం, తంబుర. ఆయన స్వరాలు పాడి ఆగుతుంటే అవతలి నుంచి ఎవరూ పలక్కపోతే, బోసిగా ఉందండి. టీచర్‌గారే గుర్తొచ్చేరు.”

నేను వయొలిన్ విన్నానమ్మా అన్నాను.

“లేదండీ బాబాయిగారూ. మొదట్లోనే చెప్పేరు కదండీ, మృదంగం ఆయన పేరొక్కటే. పిల్లలకి వినిపిద్దామని ఫోన్లో రికార్డు చేసేను. సాయంత్రం వస్తున్నాగా, తెస్తాను.”

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. భయం వల్ల కాదు. లేచి పడగ్గదిలోకి వెళ్లి చూస్తే అక్కడ ఏమీ ఉండదేమోనని.

జ్యోతి వచ్చాక, ఆ అమ్మాయి ఎదుటే బీరువా తాళం తీశాను. తాళం వేసినది వేసినట్టే ఉంది. పెట్టె మీద దుమ్ము ఉంది, వేళ్ల గుర్తులేమీ లేవు. మూత తీశాను. కమాను వెంట్రుకలు బిగించి ఉన్నాయి. తీగల కింద, నేను తుడిచిన చెక్క మీద, తెల్లటి పొడి సన్నగా పరుచుకుని ఉంది.

జ్యోతి ఒక్కొక్క తీగే మీటింది. తర్వాత ఫోన్లో రికార్డు పెట్టింది. మళ్లీ మీటింది. ఆ పెద్దాయన శ్రుతికి సరిగ్గా కలిసి ఉందని చెప్పింది. వదులు చేసిన తీగలు వాటంతటవి బిగుసుకోవని, బిగుసుకున్నా నాలుగూ ఒక్క శ్రుతికి రావని కూడా చెప్పింది. చెప్పి, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రికార్డు మొదట్నుంచీ విన్నాం. నేను విన్నది ఆ పాటే, ఆ స్వరాలే. వయొలిన్ లేదు.

అప్పుడు నాకు తెలిసి వచ్చింది. నేను ఆపినది రేడియోని. పడగ్గదిలో వాయిస్తున్నది ఎవరైనా సరే, వాళ్లకి పాట అందకుండా చేశాను. పాడేవారు లేనిదే పక్కవాద్యం వాయించదు. అన్నేళ్లు ఎవరికోసమూ మంగళం కాకుండా లేవని మనిషిని, నేను మధ్యలో లేపేశాను. తలుపు పక్కనుంచే నడిచాను. చెయ్యి వేస్తే తెరుచుకునే తలుపు.

ఆ సాయంత్రం జ్యోతి వెళ్లకముందు, పెట్టె మూత తెరిచి స్టూలు పక్కన చాప మీద పెట్టాం. నేను రేడియో ఆపిన చోటు నుంచి రికార్డు మళ్లీ పెట్టాం. ఆయన ఒక వరుస పాడి ఆగుతారు. తంబుర మోగుతుంది. మళ్లీ పాడి ఆగుతారు. తంబుర. మంగళం దాకా అలాగే విన్నాం. ఎవరూ అందుకోలేదు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రత్యేక కచేరీకీ స్టూలు వేసి, చాప పరిచి, పడగ్గది తలుపు బార్లా తీసిపెట్టి కూర్చున్నాను. నవరాత్రులు, కార్తీకం, ధనుర్మాసం, మళ్లీ క్రిస్మస్. మంగళం అయ్యి వార్తలు మొదలయ్యేదాకా ఆపలేదు. ఏమీ వినిపించలేదు. దయ్యాలు లేవని ఇప్పటికీ అంటాను. అయితే తాళం వేసిన బీరువాలో ఆ కమాను ఎవరు బిగించారన్న దాని పక్కన కూడా డైరీలో ప్రశ్నార్థకమే ఉంది.

వయొలిన్ తనకి ఇవ్వమని జ్యోతి అడగలేదు కానీ, ఇస్తే బావుంటుందని నాకూ తెలుసు. ఇస్తాను. ఇచ్చే ముందు దాన్ని శుభ్రం చెయ్యాలి. మెత్తని గుడ్డ పెట్టెలోనే ఉంది. తీగల కింద ఆ పొడి కూడా అలాగే ఉంది. ఇంకా తుడవలేదు.