సపియా బొంతకు అంచు

మక్ లాంగ్ సపియాకు టేపు అక్కర్లేదని ఒక ఆడవాళ్ల పత్రిక రాసింది. "ఆవిడ మనసే ఆవిడకు కొలత" అని కూడా రాసింది. రాసిన అమ్మాయి కౌలాలంపూర్ నుంచి పొద్దున్నే కారులో వచ్చి, మూడు అరటిపండు బజ్జీలు తిని, ఆరు ఫొటోలు తీసుకుని, మధ్యాహ్నానికి వెళ్లిపోయింది. సపియా కుట్టిన బొంత కప్పుకుని ఒక్క రాత్రి పడుకుని ఉంటే ఆ వాక్యం రాసేది కాదు. పడుకున్నవాళ్లం మేము.

మక్ లాంగ్ అంటే పెద్దమ్మ. న్యాయంగా చెల్లెలి పిల్లలు పిలవాల్సిన పిలుపు. కానీ మా ఊరు పారిట్ కెలాడిలో అందరూ అలాగే పిలుస్తారు, పిలవకపోతే ఆవిడ పలకదు. పత్రికలో వచ్చిన ఆ పేజీకి ప్లాస్టిక్ తొడుగు వేయించి కుట్టుమిషను పైన గోడకు తగిలించింది. అప్పటికే వినేది తక్కువ. ఆ పేజీ తర్వాత వినడం పూర్తిగా మానేసింది.

ఆవిడ బొంత కొలత ఎప్పుడూ ఒకటే. పొడవు తొమ్మిది జానలు, వెడల్పు ఎనిమిది. జాన ఆవిడదే. మనిషి నాలుగడుగుల పదంగుళాలు, కాబట్టి ఆ జాన ఏడంగుళాలు దాటదు. పెళ్లయిన కొత్తలో తన బూరుగుదూది పరుపుకు కొలిచి పెట్టుకున్న లెక్క అది. ఆ పరుపు ఏనాడో అణిగి అప్పడమైపోయింది. దానికి పైభాగమే తప్ప పక్కలు లేవు. అందుకని లోకంలో ఏ పరుపుకూ పక్కలుండవని ఆవిడ నమ్మకం. నలభై ఏళ్లుగా ప్రతి పెళ్లికీ, ప్రతి పురుడుకీ ఆ సైజు బొంతే వచ్చింది. కాళ్లు బయటికొస్తున్నాయని పెద్దావిడతో అనడం మర్యాద కాదు గనక ఎవరూ అనలేదు. నలభై ఏళ్లు ఊరంతా మోకాళ్లు ముడుచుకుని పడుకుంది. దీన్నే పట్నంవాళ్లు సంప్రదాయం అంటున్నారు.

పెళ్లి బొంతకు మా దగ్గర ఇంకో నియమం ఉంది. ఊళ్లో ప్రతి ఇంటి నుంచీ ఒక గుడ్డముక్క అందులో పడాలి. ఏ ఇంటి ముక్క పడకపోయినా ఆ ఇల్లు పెళ్లికి రాదు. ఏ ఇంటిదైనా మరీ ఎక్కువ పడితే మిగతావాళ్లు వచ్చి పుల్లవిరుపు మాటలు మాట్లాడతారు. సపియా ఆ ముక్కల్ని శిస్తు వసూలు చేసినట్టు వసూలు చేస్తుంది. కొత్త బాతిక్ నూలుగుడ్డ, సాగే పాలియెస్టరు, వెలిసిపోయిన లుంగీ, అన్నీ ఒకే సంచిలో వేస్తుంది. కత్తిరించేముందు వాటిని ఒకసారి వేడినీళ్లలో ఉతికి ఆరేయాలి, కుంచించుకునేది అప్పుడే కుంచించుకుపోతుంది. ఇది చెబితే ఆవిడ జవాబు, "కొత్త గుడ్డ మెరుపు పోగొట్టమంటావా?"

ఈ ఏడు ఆవిడ చెల్లెలు కల్సోమ్ కూతురు హస్నిడాకు పెళ్లి కుదిరింది. హస్నిడా మువార్‌లో మంచం కొంది. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల మూడంగుళాల పొడవు, దాని మీద పదంగుళాల మందం స్ప్రింగు పరుపు. మా పెళ్లిళ్లలో వధువు గది తలుపు తెరిచే ఉంటుంది. పెళ్లికొచ్చిన ఆడవాళ్లలో ఒక్కరైనా మంచం చూడకుండా అన్నం దగ్గరికి వెళ్లరు. ఆ మంచం మీద తన బొంతే ఉండాలని సపియా పట్టు. లేకపోతే గోడ మీది ప్లాస్టిక్ పేజీకి అర్థం లేదు. హస్నిడా మాత్రం బజారులో కొన్న గులాబీరంగు శాటిన్ దుప్పటి సెట్టు ఒకటి బీరువాలో దాచిపెట్టుకుంది. తన పెద్దమ్మ బొంతల సంగతి ఆ పిల్లకు పుట్టినప్పటినుంచీ తెలుసు.

మూడిళ్ల అవతల బట్టలు కుట్టే రుబియా టేపు తీసుకొచ్చి మంచం కొలిచింది. రుబియా తక్కువ మాట్లాడుతుంది, ఊళ్లో ఆవిడ కుట్టినవి మాత్రమే ఒంటికి సరిపోతాయి.

"వెడల్పు అరవై. అటు పది, ఇటు పది, పరుపు మందం. పైన ఇంకో రెండు. ఎనభై రెండంగుళాలు. పొడవు డెబ్భై అయిదు, కాళ్లవైపు పది, ఇంకో మూడు. ఎనభై ఎనిమిది. కుట్టాక దారం గుడ్డను లాక్కుంటుంది, అందుకని కుట్టేటప్పుడు ఇంకో నాలుగు కలుపుకోండి మక్ లాంగ్."

"నా బిస్కెట్ల డబ్బా మూత తొమ్మిదంగుళాల చదరం," అంది సపియా. "దాంతో గీసి కత్తిరిస్తా. పొడవుకు పది ముక్కలు, వెడల్పుకు తొమ్మిది. తొమ్మిది తొమ్ములు ఎనభై ఒకటి. ఆ ఒక్క అంగుళం ప్రేమగా లాగితే వస్తుందిలే."

"కుట్టుకు ముక్కకి అరంగుళం పోతుంది."

"నీ కుట్టుకు పోతుందేమో. నాది సన్నం."

ప్రతి ముక్కకూ నాలుగువైపులా పావంగుళం కుట్టులోకి పోతుంది. తొమ్మిదంగుళాల ముక్క బొంతలోకి వెళ్లేసరికి ఎనిమిదిన్నర. తొమ్మిది ముక్కల వరస డెబ్భై ఆరున్నర. లోపల పాత దుప్పటి పరిచి, మూడు పొరల్నీ కలిపి చేత్తో కుడితే ఇంకో మూడు పోయాయి. మూడో తరగతి పిల్లవాడి లెక్క ఇది. మనసుతో కొలిచేవాళ్లకు తీసివేత రాదు.

అంతటితో ఆగినా బాగుండేది. పెళ్లి శనివారమనగా గురువారం నాడు, బొంత శుభ్రంగా కనిపించాలని సపియా దాన్ని వేడినీళ్లలో ఉతికింది. ముక్కలుగా ఉన్నప్పుడు ఉతకనిది మొత్తంగా ఉతికింది. నూలు ముడుచుకుంది, పాలియెస్టరు ముడుచుకోలేదు. బొంతంతా వేగిన అప్పచ్చిలా ఉబ్బులు లేచింది.

శుక్రవారం పొద్దున అక్కాచెల్లెళ్లు దాన్ని మంచం మీద పరిచారు. విందు వంటకు వచ్చిన మేమంతా వాకిట్లో ఉల్లిపాయలు ఒలుస్తున్నాం, కిటికీలోంచి అంతా వినిపించింది. వెడల్పు డెబ్భై ఒకటి. రెండు పక్కలా పరుపు సగం నగ్నంగా నిలబడి ఉంది, తయారుచేసినవాళ్ల లేబులుతో సహా.

"అక్కా," అంది కల్సోమ్, "కొంచెం తగ్గినట్టుంది."

"బొంత తగ్గలేదు. పరుపు లావయింది."

"నిన్న కూడా అంతే ఉంది అక్కా."

"దీన్ని దింపి నా బూరుగు పరుపు వేయండి. చక్కగా సరిపోతుంది."

"అప్పడం మీద పెళ్లికూతుర్ని కూర్చోబెడతావా?"

హస్నిడా బీరువా తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది.

ఆ చప్పుడుకి సపియా బయటికొచ్చి ఉల్లిపాయల దగ్గర కూలబడింది. ఏడుపు ఉల్లిపాయల మీదికి నెట్టేయడానికి అంతకంటే మంచి చోటు లేదు. రుబియా మెడలో టేపుతో ఎదురుగా కూర్చుని ఉంది.

"అంచు వేయొచ్చు," అంది రుబియా. "రెండు పక్కలా అయిదున్నర, కాళ్లవైపు ఎనిమిది. తలవైపు అక్కర్లేదు, దిళ్లు కప్పేస్తాయి. సాయంత్రానికి అయిపోతుంది."

"ఏ గుడ్డతో?"

"నా దగ్గర ఆకుపచ్చ నూలు ఉంది, అయిదు మీటర్లు."

"ఓహో. ఊరి ముక్కలన్నీ మధ్యలో, చుట్టూ నీ ఇంటి గుడ్డ. పెళ్లికూతుర్ని రుబియా పెంచినట్టు. రేపు మిగతా ఇళ్లవాళ్లందరికీ నువ్వు చెబుతావా, నేను చెప్పాలా?"

నవ్వొచ్చినా ఎవరమూ నవ్వలేదు. ఈ ఒక్క విషయంలో ఆవిడ చెప్పింది నిజం. మా ఆడవాళ్లు ఆ అంచు చూసి అన్నం మానేసేవారు. పైగా కొత్త నూలు, ఉతకలేదు. రేపో ఎల్లుండో అదీ ముడుచుకుంటుంది.

సపియా లేచి ఇంటికి వెళ్లింది. పావుగంట తర్వాత తన మంచం మీది బొంతను భుజాన వేసుకుని వచ్చి రుబియా ఒళ్లో పడేసింది.

"దీన్ని కోసెయ్యి. ఇందులోనూ అన్ని ఇళ్లూ ఉన్నాయి."

"మీ పెళ్లిదా?"

"నాదే. నలభై ఏళ్లుగా ఉతుకుతున్నా. ఇంకేం ముడుచుకుంటుంది?"

ఇక్కడ కళ్లు ఒత్తుకునేవాళ్లు ఒత్తుకోవచ్చు. పత్రిక అమ్మాయి ఉంటే రెండు పేజీలు నింపేది. నాకు కనిపించింది వేరు. నలభై ఏళ్లలో ఆవిడ నోటినుంచి వచ్చిన మొదటి సరైన బొంత లెక్క అది. ఉతికి ఉతికి స్థిరపడ్డ గుడ్డ, ఊరంతా ముందే కలిసి ఉన్న అంచు. టేపు చూడకుండా, మనసును అడగకుండా, తల బొప్పికట్టి నేర్చుకుంది.

రుబియా నోట్లో గుండుసూదులు పెట్టుకుని పని మొదలుపెట్టింది. ఆరంగుళాల పట్టీలు కత్తిరించింది, కుట్లకు పోగా అయిదున్నర. కాళ్లవైపుకు ఎనిమిదిన్నర. బొంత నడుమ ఒకసారి, రెండు చివర్లా రెండుసార్లు కొలిచి, మూడింటికీ సరిపడేలా పట్టీని గుచ్చింది. అలా చేయకపోతే అంచు అలలు తిరుగుతుంది. టేపు రెండో కొస సపియా పట్టుకుంది. పట్టుకోమని చెప్పింది రుబియా, బిగించమని రెండుసార్లు గదమాయించింది కూడా. సపియా బిగించింది.

శనివారం పెళ్లికొడుకు మేనత్త గదిలోకి వచ్చి, బొంత కొస ఎత్తి చూసి, మంచం చుట్టూ ఒక తిరుగు తిరిగింది.

"సరిగ్గా పరుపు అడుగుదాకా దిగింది. ఎలా కొలిచారు?"

"మనసుతో," అంది సపియా.

పక్కనే ఉన్న రుబియా పళ్లెంలో మాంసం చల్లారిపోతోందని తినడానికి వెళ్లింది.

పట్టీలు పోగా సపియా బొంతలో ఉయ్యాలకు సరిపడే ముక్క మిగిలింది. ఆవిడకు కప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలి గనక హస్నిడా బీరువాలోని శాటిన్ సెట్టు తెచ్చి ఇచ్చింది. బజారు సరుకని సపియా దాన్ని పది రోజులు తిట్టింది. ఇప్పుడు అదే కప్పుకుంటోంది. కాళ్లు పూర్తిగా లోపలికి వస్తున్నాయని కల్సోమ్‌తో అందట, పెళ్లయిన తర్వాత ఇదే మొదటిసారని.